గుసగుస లేని గొంతు

కిందటి వారం తాడేపల్లిగూడెం బస్టాండులో ఏలూరు బస్సు కోసం నిలబడి ఉన్నాను. నా వెనక ఎవరో కండక్టరును అడిగారు, భీమడోలులో ఆపుతారా అని. అడిగింది మనిషే గానీ ఆ గొంతు మనిషిది కాదు. ఇత్తడి చెంబులో ఇరుక్కున్న తుమ్మెద మాటలు నేర్చుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఉలిక్కిపడి తిరిగి చూశారు. నేనూ తిరిగాను. అయితే ఉలిక్కిపడి కాదు, నన్నెవరో పిలిచినట్టనిపించి.

ఎవరో పెద్దాయన. మెడ చుట్టూ తెల్లటి గుడ్డ కట్టుకున్నారు. గడ్డం కింద చర్మానికి ఆనించి చిన్న టార్చిలైటు లాంటి యంత్రం పట్టుకున్నారు. కండక్టరు ఆయన మొహంలోకి కాకుండా ఆ యంత్రంలోకి చూస్తూ జవాబు చెప్పాడు. అందరూ అంతే, మొదట్లో యంత్రంతోనే మాట్లాడతారు. ఆయన బస్సెక్కి ముందు సీట్లో కూర్చున్నారు, నేను ఆడవాళ్ళ వరసలో కూర్చున్నాను. భీమడోలులో ఆయన దిగిపోయారు. నేను ఏలూరు దాకా వెళ్ళాలి గానీ, నా మనసూ అక్కడే దిగిపోయింది.

మా బాబాయిగారు పోయి ఏడాది దాటింది. ఆ గొంతు మళ్ళీ ఎక్కడా వింటాననుకోలేదు.

బాబాయిగారంటే నాకు చుట్టరికం లేదు. మా పుట్టింటి పక్కిల్లు వాళ్ళది. మా నాన్నకు భీమడోలులో ఇంటి ముందుగదిలోనే కిరాణా కొట్టు ఉండేది. బాబాయిగారు చుట్టుపక్కల ఊళ్ళకు పురోహితులు. కర్పూరానికీ, పోకచెక్కలకీ కొట్టుకు వచ్చి నాన్నతో కాసేపు లోకాభిరామాయణం మాట్లాడి వెళ్ళేవారు. చిన్నప్పుడు నాకు కీళ్ళజ్వరం వచ్చి గుండె నీరసపడింది. బడికి పంపవద్దన్నారు డాక్టరు. పిల్లలు సంచులు తగిలించుకుని వెళ్తుంటే కిటికీలోంచి చూసి నేను ఏడుస్తున్నానని అమ్మ ఆయనతో చెప్పుకుందట. ఆ మధ్యాహ్నమే వచ్చి మా వసారాలో పీట వేయించుకుని కూర్చున్నారు. అప్పటినుంచి ఆ వసారానే నా బడి. ఇవాళ నేను ఈ నాలుగు మాటలు కాగితం మీద పెట్టగలుగుతున్నానంటే, భగవంతుడు ఆ మధ్యాహ్నం అంగవస్త్రం వేసుకుని మా ఇంటికి నడిచి వచ్చాడనే అనుకుంటాను.

చదువు చెప్పడంలో ఆయనకో పద్ధతి ఉండేది. ఖ, ఘ, భ, ధ లాంటి ఒత్తక్షరాలు వచ్చినప్పుడు కొట్లో వత్తుల కోసం పెట్టిన దూదిలోంచి కాస్త పీకి, రెండు వేళ్ళతో నా పెదవుల ముందు పట్టుకునేవారు. అక్షరం సరిగ్గా పలికితే దూది కదలాలి. కదలకపోతే కోప్పడేవారు కాదు, పీట మీద వేలి కణుపుతో ఒక్కసారి టక్కున కొట్టేవారు. అంటే మళ్ళీ చెప్పమని. "నిదానం తల్లీ, అక్షరానికి ఊపిరి పొయ్యాలి" అనేవారు. ఊపిరి అందని పిల్లకు ఊపిరి పొయ్యమని చెప్పడమేమిటని మా నాయనమ్మ సణిగేది. కానీ నా ఊపిరి కుదుటపడింది ఆ దూది ముందే. తరవాత స్తోత్రాలు నేర్పారు. లలితా సహస్రం మొత్తం ఆ వసారాలోనే, కొట్లో తక్కెడ చప్పుళ్ళ మధ్య, ఒక్కొక్క నామమే నా నోటికి వచ్చింది.

అప్పటి ఆయన గొంతు గురించి ఏం చెప్పను. కొల్లేటి లంకల్లో పెళ్ళి చేయించడానికి పడవ మీద వెళ్తూ ఈ ఒడ్డున ఆయన గొంతు సవరించుకుంటే, ఆ ఒడ్డున ఆడవాళ్ళు అక్షింతలు కలుపుకునేవాళ్ళని మా నాన్న వేళాకోళం చేసేవాడు. లంకల చుట్టూ చేపల చెరువులు వచ్చాక ఆ గట్ల మీదా పూజలు చేయించారు. చేపలకు మంత్రాలేమిటండీ పంతులుగారూ అని ఎవరైనా దెప్పితే, నేను నీటికి చేయిస్తున్నాను, అందులో ఎవరుంటారో మీ ఇష్టం అనేవారు.

ఒడుగుల్లో మాత్రం ఆయన పట్టుదల వేరు. గాయత్రి ఉపదేశం చేసేటప్పుడు వటువు మీదా, చెప్పేవారి మీదా పట్టుబట్ట కప్పుతారు కదా. ఆ మంత్రం చెవిలో చెప్పేది, నలుగురూ వినేది కాదు. చాలాచోట్ల ఆ సమయానికి సన్నాయీ డోలూ గట్టిమేళం వాయిస్తారు. ఆయన చేయించే ఒడుగుల్లో ఆ పప్పులు ఉడికేవి కావు. సరిగ్గా బట్ట కప్పగానే ఆయన చేతిలోని ఉద్ధరిణి పైకెత్తేవారు. అంతే, డోలు మీద దెబ్బ ఎక్కడిదక్కడ ఆగిపోవాలి. కూర్చున్నవాళ్ళు దగ్గు వచ్చినా మింగాలి. ఒకసారి ఎవరో ఎందుకండీ ఇంత పట్టింపు అంటే, పెళ్ళిలో మాట నలుగురూ వినకపోయినా తాళి కనబడుతుంది, ఇక్కడ కనబడేదేమీ లేదు, వాడికొక్కడికి వినబడితేనే ఉన్నట్టు అన్నారు. భీమడోలు మేళగాళ్ళకు ఇది ఎంత అలవాటంటే, ఆయన పంచపాత్రలో ఉద్ధరిణి పెట్టి ఊరికే తీసినా డోలు ఆపేసేవాళ్ళు.

వాళ్ళింట్లో ఇంకో ఆనవాయితీ ఉంది. తాత ఉంటే ఉపదేశం తాతే చేస్తారు. ఆయనకూ వాళ్ళ తాతగారే చేశారు. ఆ సంగతి నాతో ఎన్నిసార్లు చెప్పారో. మంత్రం కన్నా ముందు తాతగారి ఊపిరి చెవికి వెచ్చగా తగిలిందట. ఆ వెచ్చదనం ఇంకా ఇక్కడే ఉందమ్మా అని కుడిచెవి తాకి చూపించేవారు. ఆయనకు ఒక్కడే కొడుకు, ఆ కొడుక్కి ఒక్కడే పిల్లవాడు. మనవడు పుట్టిన రోజునే, వీడి చెవి నాది అన్నారు.

తరవాత ఆయన గొంతులో పుండు లేచింది. ఏలూరులో ఉద్యోగం చేస్తున్న కొడుకు ఆయనను ఆసుపత్రులకు తిప్పి, చివరికి ఆపరేషన్ చేయించాడు. ప్రాణం దక్కింది. దక్కినందుకు మేమందరం మొక్కులు తీర్చుకున్నాం. స్వరపేటిక మాత్రం మొత్తం తీసేశారు. ఊపిరి కోసం మెడ కింద చిన్న రంధ్రం పెట్టారు. ఇక గాలి లోపలికీ బయటికీ దాంట్లోంచే. పెదవులు కదులుతాయి, నాలుక కదులుతుంది, మాట ఉండదు. నేను అప్పటికే పెళ్ళై తాడేపల్లిగూడెంలో ఉంటున్నాను. మా ఆయనది ఉల్లిపాయల వ్యాపారం. అమ్మకు ఒంట్లో బాగుండక వారానికోసారి భీమడోలు వచ్చేదాన్ని. ఆపరేషన్ తరవాత మొదటిసారి ఆయనను చూడటానికి వెళ్తే నన్ను చూసి నవ్వారు, లేచి దేవుడి గదిలోంచి దూది తెచ్చారు. తన పెదవుల ముందు పట్టుకుని నోరు తెరిచి ఏదో అక్షరం పలికారు. దూది కదల్లేదు. చూశావా అన్నట్టు కళ్ళెగరేసి, పీట మీద టక్కున కొట్టారు. నేను తల తిప్పుకున్నాను.

కొన్నాళ్ళకు కొడుకు ఆ యంత్రం తెచ్చిపెట్టాడు. మెడకు ఆనించి మీట నొక్కితే అది ఝుమ్మని అదురుతుంది. ఆ అదురు గొంతులోంచి నోట్లోకి వస్తే పెదవులూ నాలుకా దాన్ని మాటగా మలుచుకోవాలి. మాట అర్థమవుతుంది గానీ ఎత్తూ పల్లం ఉండవు. కోపమైనా ప్రేమైనా ఒకే శ్రుతి. దాన్ని పట్టుకుని వీధిలో నిలబడితే గడ్డం గీసుకుంటున్నారనుకునేవాళ్ళు కొత్తవాళ్ళు. కూరగాయల బండతను మొదటిరోజు భయపడి బండి తోసుకుపోయాడట. రెండో వారానికి, పంతులుగారి బ్యాటరీ నిండుగా ఉంటే బేరం తెగదండీ అని పిన్నిగారితో మొరపెట్టుకున్నాడు. ఫోనులో అయితే మరీ గొడవ. మా పెళ్ళిరోజున ఆశీర్వదించడానికి ఫోను చేస్తే మా ఆయన ఎత్తి, ఏదో కంపెనీ వాళ్ళ ఫోననుకుని రెండుసార్లు పెట్టేశారు. మూడోసారి నేనెత్తాను. "మీ ఆయన రెండుసార్లు వద్దన్నాడు, అయినా దీర్ఘసుమంగళీ భవ" అంది యంత్రం. ఎంత నవ్వుకున్నామో.

ఆ యంత్రం మాకు అన్ని నవ్వులు తిరిగి ఇచ్చింది. ఎక్కడో ఎవరో కూర్చుని, మాట పోయినవాళ్ళ గురించి ఆలోచించి అలాంటిది తయారు చేశారంటే వాళ్ళకు చేతులెత్తి దణ్ణం పెట్టాలి. నేను రోజూ దీపం పెట్టేటప్పుడు పెడుతూనే ఉంటాను.

అయితే యంత్రానికి ఆయన ఒక గీత గీశారు. ఉప్పుకీ పప్పుకీ అది, దేవుడికి పెదవులు. మడిలో ఉన్నప్పుడు తడపడానికి వీల్లేని వస్తువు ముట్టుకోరు కదా. అందుకని పొద్దున్న స్నానం నుంచి భోజనం దాకా ఆయన మాటే లేకుండా ఉండేవారు. పట్టుకు ఆ పట్టింపు లేదు కాబట్టి నా పాత పట్టుచీర అంచుతో చిన్న సంచీ కుట్టిచ్చాను. ఎంతో మురిసిపోయారు. యంత్రాన్ని ఆ సంచీలో పెట్టి రొంటిన దోపుకుని దేవుడి గదిలోకి తీసుకువెళ్ళేవారు గానీ, అక్కడ బయటికి తీసేవారు కాదు. స్వరం లేని చోట మంత్రం అంటే ఎలా అమ్మా అన్నారోసారి. ఒకే శ్రుతిలో వేదం చదవడం ఆయనకు తప్పుగా తోచేది. శంఖం ఊదలేరు కాబట్టి తుడిచి అక్షింతలు వేసి పక్కన పెట్టేవారు. సంధ్యావందనంలో ప్రాణాయామం వచ్చినప్పుడు వేళ్ళు వాటంతటవే వెళ్ళి ముక్కు పట్టుకునేవి. ముక్కులో గాలి లేదు. మెడలోంచి దాని దారిన అది పోతూనే ఉండేది. నేను చూస్తున్నానని గమనించి, తరవాత భోజనమయ్యాక యంత్రం తీసి, "వేళ్ళకి ఇంకా చెప్పలేదమ్మా" అన్నారు.

పౌరోహిత్యం సహజంగానే తగ్గిపోయింది. మర్యాదకు పిలిచేవాళ్ళు పిలిచేవారు. మంత్రాలు వేరే ఎవరో చెప్పేవారు, ఆయన పెద్దరికంగా కూర్చునేవారు. ఆకివీడు దగ్గర చెరువులున్న ఒకాయన మాత్రం పట్టుబట్టి కారు పంపించాడు. మీరు పెదవులు కదిపితే చాలండీ, చెరువులో నీళ్ళు చిలికే ఏరియేటర్ల మోతలో ఎవరి మంత్రమూ ఎలాగూ వినపడదు అన్నాడట. ఆ మాట మాకు చెప్పి ఆయన భుజాలు కదిలేలా నవ్వారు. నేనూ నవ్వాను. మాకు కావలసింది ఆ మాటలోనే ఉంది, ఇద్దరికీ తట్టలేదు.

మనవడికి ఒడుగు ఈడు వచ్చింది. ఆపరేషన్ వల్ల ఒకసారి వాయిదా వేశారు, యంత్రం అలవాటు కావాలని మరోసారి వేశారు. ఇక ఆగకూడదని కోడలి పుట్టింటివాళ్ళు తొందరపెట్టారు. ఉపదేశం ఎవరు చేస్తారన్న మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. యంత్రం గొంతు ఎంత తగ్గించినా ఝుమ్మంటుంది, మండపమంతా వింటుంది. యంత్రం లేకపోతే పిల్లవాడికే వినపడదు. కొడుకు మెత్తనివాడు. తండ్రి మనసు ఎరిగినవాడే. "నాన్నగారూ, ఆ మంత్రం ఇప్పుడు అందరి ఫోనుల్లోనూ ఉందండీ. గుళ్ళో మైకులోనే వేస్తున్నారు. నలుగురూ వింటే ఏమవుతుందండీ, మీరే చెప్పండి" అన్నాడు.

ఆయన సంచీ విప్పి యంత్రం తీశారు. తీసి అన్నది ఒక్కటే. "ఫోనులో ఉన్నది ఎవరూ ఎవరికీ ఇచ్చింది కాదురా."

తరవాతి వారం నేను వెళ్ళేసరికి ఆయన మడి విప్పి, భోజనం చేసి, నా కోసమే చూస్తున్నారు. మనవడి చెవి కోసం తను గీసిన గీతను ఆ ఒక్కరోజుకీ దాటడానికి సిద్ధపడ్డారు. యంత్రానికి పక్కన చిన్న చక్రం ఉంటుంది, గొంతు పెంచడానికీ తగ్గించడానికీ. దాన్ని పూర్తిగా కిందికి తిప్పి, నన్ను ఒక్కొక్కచోటే నిలబడమన్నారు. ఆయన చెప్పింది నాకు వినబడితే తిరిగి చెప్పాలి. పరీక్షకు దేవుడి పేర్లెందుకని రైలు స్టేషన్ల పేర్లు పెట్టుకున్నారు.

గది గుమ్మంలో నిలబడ్డాను. ఆయన గోడవైపు తిరిగి, మెడ వంచి, యంత్రం ఆనించారు.

"పూళ్ళ అన్నారండీ" అన్నాను.

చెయ్యి ఊపి, ఇంకా వెనక్కి వెళ్ళమన్నారు. వసారాలోకి వెళ్ళాను. కైకరం అని వినబడింది. వాళ్ళింటి గేటు దగ్గరికి వెళ్ళాను. ఊళ్ళో ఎండకి ఎవరూ తిరగడం లేదు, కుక్క కూడా మొరగడం లేదు. ఆ నిశ్శబ్దంలో తుమ్మెద స్పష్టంగా చేబ్రోలు అంది. నేను చెప్పడానికి తటపటాయిస్తుంటే, వంటింట్లో వంకాయలు తరుగుతున్న పిన్నిగారు, "చేబ్రోలటండీ, నాకే వినపడింది" అన్నారు. ఆవిడ మామూలుగానే అన్నారు, సాయం చేస్తున్నాననుకుని.

యంత్రాన్ని నేను కుట్టిన సంచీలో పెట్టి, పట్టు మీదనుంచి ప్రయత్నించారు. ఝుంకారం తగ్గింది, మాట కూడా ముద్దయిపోయింది. పక్కన కూర్చున్నా అది ఏ ఊరో నాకు తెలియలేదు. ఉత్తరీయం మడతలు వేసి అడ్డం పెట్టుకున్నారు. బియ్యం డబ్బా పక్కకు చేరి చెప్పారు. చివరికి యంత్రం ఒళ్ళో పెట్టుకుని, నన్ను దగ్గరగా పీట వేసుకుని కూర్చోమని, ఉత్త పెదవులతో చెప్పారు. నేను చెవి ఒగ్గి విన్నాను. పెదవి పెదవికి తగిలిన చిన్న చప్పుడు, నాలుక పళ్ళకు తగిలిన చప్పుడు, అంతే. ఊపిరి కూడా తగల్లేదు.

ఆయన కళ్ళల్లోకి చూసి అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. వినబడలేదండీ అన్నాను.

యంత్రం తీసుకుని మామూలు గొంతు పెట్టుకున్నారు. "అంటే ఊరంతా వినాలి. లేకపోతే ఎవరూ వినకూడదు. మధ్యలో ఏమీ పెట్టలేదమ్మా దీన్లో."

తరవాత దాన్ని సంచీలో పెట్టి, మూతి దారం లాగి, పీట మీద వేలి కణుపుతో ఒక్కసారి కొట్టారు. మళ్ళీ చెప్పమని కాదు, ఇక చాలని. ఆ సాయంత్రమే కొడుక్కి ఫోను చేయించి, ఉపదేశం నువ్వే చెయ్యి అని పిన్నిగారి చేత చెప్పించారు. పిన్నిగారు ఫోను పెట్టేసి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటే, "తండ్రి చేస్తే తక్కువా" అని ఆవిడనే ఓదార్చారు.

ఒడుగు ఏలూరులో, ఒక కల్యాణమండపంలో జరిగింది. నన్నూ పిలిచారు. నేను చీరా సారే పెట్టి, ఆడవాళ్ళ వరసలో ముందు కూర్చున్నాను. చేయించడానికి తాడేపల్లిగూడెం నుంచి వచ్చినాయన చిన్నవారు, మంచి గొంతు, చొక్కా లేని ఛాతీ మీదుగా మైకు తీగ వేలాడుతోంది. వచ్చీ రాగానే బాబాయిగారి పాదాలకు నమస్కరించి అనుమతి తీసుకున్నారు. బాబాయిగారు పట్టుపంచె కట్టుకుని, వేదిక పక్కన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. రొంటిన నా పట్టుసంచీ. తనకు సంబంధం లేని విషయంలో తల దూర్చకూడదని ఆయన గట్టిగా అనుకున్నట్టున్నారు. ఎక్కడ ఏ మంత్రం తొందరగా దాటిపోతున్నా మోకాలి మీద వేలు లేచేది, మళ్ళీ దించేసేవారు.

ముహూర్తం దగ్గరపడింది. కొడుకూ మనవడూ ఎదురెదురుగా పీటల మీద కూర్చున్నారు. ఎర్రటి పట్టుబట్ట తెచ్చి ఇద్దరి తలల మీదా కప్పారు.

అప్పుడు బాబాయిగారి కుడిచెయ్యి పైకి లేచింది. ఉద్ధరిణి లేదు, వేళ్ళు మాత్రం ఉద్ధరిణి పట్టుకున్నట్టే ఉన్నాయి. ఆయన లేపలేదు, అదే లేచింది. సరిగ్గా అదే సమయంలో వేదిక మీద ఆ చిన్న పంతులుగారు చెయ్యి ఊపి, గట్టిమేళం అన్నారు.

ఏలూరు మేళగాళ్ళకు ఈయన అలవాట్లు ఏం తెలుసు. రెండు సన్నాయిలు, రెండు డోళ్ళు, పక్కన తాళం. మండపం పైకప్పు రేకులదేమో, మోత అంతటా తిరిగి మా మీదే పడుతోంది. నా పక్కనున్నావిడ నా చెవిలో ఏదో అరిచింది, ఒక్క ముక్క వినపడలేదు. పట్టుబట్ట కింద కొడుకు తల పిల్లవాడి చెవి మీదికి వంగడం మాత్రం కనిపిస్తోంది.

ఆయన చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. ఆ చెయ్యి ఎత్తితే మేళం ఆగకపోవడం ఆయన జీవితంలో అదే మొదలనుకుంటాను. మెల్లిగా దించుకుని, వెతికి వెతికి నా వైపు చూశారు. ఇద్దరికీ ఒకేసారి అర్థమయింది. ఈ మోతలో ఆ యంత్రం ఎంత ఝుమ్మన్నా బట్ట దాటి రాదు. చెవి పక్కన పెట్టుకున్న పిల్లవాడికి తప్ప ఎవరికీ వినపడదు. ఎండలో, కుక్క కూడా మొరగని ఇంట్లో, మేం ఊళ్ళ పేర్లతో పరీక్షించుకుంటూ కూర్చున్నాం. ఇన్నేళ్ళూ ఆయనే కోరి తెచ్చిన నిశ్శబ్దాన్నే అక్కడా ఊహించుకున్నాం.

ఆయన రొంటిలోంచి సంచీ తీశారు. దారం వదులు చేసి, యంత్రం బయటికి తీసి, గడ్డం కింద ఆనించుకున్నారు. పెదవులు కదలడం మొదలుపెట్టాయి. చూపు పట్టుబట్ట మీదే. పక్క కుర్చీలో అక్షింతలు చేత్తో పట్టుకున్న వియ్యంకుడు తల కూడా తిప్పలేదు, ఆయనకూ వినపడలేదు. ఒక్కొక్క అక్షరం నిదానంగా, నాకు వసారాలో నేర్పినంత నిదానంగా కదులుతున్నాయి పెదవులు. అది నేను వినేది కాదు, చూసేది కూడా కాదనిపించి తల దించుకున్నాను. అమ్మా లలితా, దీన్ని ఆ పిల్లవాడి చెవిలో వెయ్యి అనుకున్నాను. తల ఎత్తేసరికి ఆయన యంత్రం దించేశారు. ఇంకా మేళం ఆగలేదు. ఎప్పుడు ఆగుతుందో ఆయనకు తెలియనిదేముంది.

బట్ట తీశారు. పిల్లవాడు తండ్రి మొహంలోకి చూసి నవ్వాడు. తరవాత వాడు జోలె పట్టుకుని భిక్షకు వస్తే, నేనూ నా పాలి బియ్యం పోశాను. వాడు కుడిచెవి రుద్దుకుంటున్నాడు. తాతగారికి నమస్కరిస్తే ఆయన తల నిమిరి, ఆ చెవిని ఒక్కసారి తాకి వదిలేశారు.

భోజనాలయ్యాక సెలవు తీసుకోవడానికి వెళ్ళాను. మండపం బయట షామియానా కింద ఒక్కరే కూర్చున్నారు. నన్ను పక్క కుర్చీలో కూర్చోమని, యంత్రం చక్రం కిందికంటా తిప్పి, మెల్లిగా అన్నారు.

"నిన్ను గుమ్మంలో నిలబెట్టాను. గేటు దగ్గర నిలబెట్టాను. డోలు పక్కన నిలబెట్టలేదు."

"నాకూ తోచలేదండీ బాబాయిగారూ."

"నీకెలా తోస్తుందమ్మా. నువ్వు చూసిన ఒడుగులన్నీ నేను చేయించినవే కదా."

మండపంలో మేళగాళ్ళు డోళ్ళకు గలీబులు తొడుగుతున్నారు. ఆయన వాళ్ళనే చూస్తూ మళ్ళీ యంత్రం ఆనించారు.

"నేనూ చెప్పానమ్మా."

"చూశానండీ."

"వాడికి వినపడి ఉండదు."

వినపడి ఉంటుందండీ అనాలని నోటిదాకా వచ్చింది. ఆ రోజు పీట మీద కూర్చుని అబద్ధం చెప్పలేనిదాన్ని, ఇవాళ ఎలా చెప్పను. తల అడ్డంగా ఊపాను, వినపడి ఉండదని. ఆయనా ఊపారు. మేమిద్దరం ఒప్పుకున్నాక ఆయన మొహం కాస్త తేలికపడినట్టనిపించింది. అది నా ఊహేనేమో.

తరవాత యంత్రం పక్క చక్రం పైకి, పూర్తిగా పైకి తిప్పారు. గడ్డం కింద పెట్టుకుని, వంటశాల వైపు తిరిగి, షామియానా అంతా వినిపించేలా, "ఈ అమ్మాయి ఎండలో వెళ్ళాలి, కాస్త మజ్జిగ పొయ్యండి" అన్నారు.

గ్లాసులు కడుగుతున్న మనిషి ఉలిక్కిపడి తిరిగి చూశాడు.